ఒక్క సంఘటన, రెండు వ్యాఖ్యానాలు

తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఒహాయోలోని డబ్లిన్‌కు కొద్ది మైళ్ళ దూరాన, కొలంబస్‌లో, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి భౌతికశాస్త్రవేత్త స్టూవర్ట్ రాబీ, దిమోపౌలోస్, డైన్, థామస్‌లతో కలిసి రాసిన వ్యాసం 1996లో ఫిజికల్ రివ్యూ లెటర్స్ 76వ సంపుటం 3494వ పుటలో మొదలవుతుంది. 3498వ పుటలో మిషిగన్‌కు చెందిన గోర్డన్ కేన్ బృందం వ్యాసం. పక్కపక్కనే అచ్చయిన ఈ రెండూ ఒకే ఒక్క సంఘటనను సూపర్‌సిమెట్రీ దృష్టితో చదివాయి. ఆ పఠనంలో బలమెంతో, ఆశ ఎంతో ఇప్పటికీ విచారించదగినదే.

1995 ఏప్రిల్‌లో షికాగో సమీపాన ఫెర్మీలాబ్‌లో ప్రోటాన్లు, ప్రతిప్రోటాన్లు ఢీకొంటుండగా సీడీఎఫ్ శోధకం ఒక విడ్డూరాన్ని నమోదు చేసింది. ఎలక్ట్రాన్లుగా కనిపించినవి రెండు, శక్తిమంతమైన ఫోటాన్లు రెండు, వాటితోపాటు లెక్కకు అందని కొంత శక్తి. ప్రామాణిక నమూనా ప్రకారం ఆనాటి దత్తాంశం మొత్తంలో ఇటువంటివి సుమారు పదిలక్షల్లో ఒక వంతు మాత్రమే కనిపించాలి.

సూపర్‌సిమెట్రీలో తెలిసిన ప్రతి కణానికీ ఒక జోడు ఉంటుంది. ఎలక్ట్రాన్‌కు జోడు సెలెక్ట్రాన్. సెలెక్ట్రాన్లు రెండు పుట్టి, ఒక్కొక్కటీ ఎలక్ట్రాన్‌గానూ న్యూట్రలీనోగానూ విడిపోయి, ఆ న్యూట్రలీనో ఒక ఫోటాన్‌ను వెలువరించి గ్రావిటీనోగా మారితే, గ్రావిటీనో శోధకానికి చిక్కకుండా వెళ్ళిపోతే, లెక్క చక్కగా సరిపోతుంది. కేన్ బృందం గ్రావిటీనో స్థానంలో హిగ్సీనో వంటి కణాన్ని కూడా పరిశీలించింది.

సరిపోవడమే ఇక్కడి చిక్కు. లక్షణాలన్నీ కలిసినంతమాత్రాన అరుదైన వ్యాధి నిర్ధారణ కాదని ఏ వైద్యుడైనా చెప్తాడు. వందకు పైగా స్వేచ్ఛాపరామితులున్న సిద్ధాంతానికి ఒక్క సంఘటనను ఇముడ్చుకోవడం కష్టం కాదు. పైగా ఆ పదిలక్షల్లో ఒక వంతు అన్న లెక్క, సంఘటనను చూసిన తరువాత దాని చుట్టూ గీసిన గీతకు సంబంధించినది. విడ్డూరాలు ఎన్ని రూపాల్లో తారసపడగలవో ఎవరు లెక్కించారు? అలాగని దాన్ని కొట్టిపారేయడమూ తగదు. ఆ రూపాలు వందలున్నా మిగిలే సంఖ్య చిన్నదే. అంతకంటె బలమైన అనుమానం రెండవ ఎలక్ట్రాన్‌ది. సీడీఎఫ్ వారే తమ విశ్లేషణలో అది నిజంగా ఎలక్ట్రానేనా అని సందేహించారు.

ఈ వ్యాసాల గౌరవం మరోచోట ఉంది. అవి వివరణతో ఆగలేదు, పందెం కాశాయి. సెలెక్ట్రాన్ ఉంటే తక్కిన జోడు కణాలూ అందుబాటులోనే ఉండాలి. జంట ఫోటాన్లు, కనిపించని శక్తి ఉన్న సంఘటనలు ఇంకా దొరకాలి. 2015 డిసెంబరులో సెర్న్ చూపిన 750 జీఈవీ జంట ఫోటాన్ల ఆధిక్యానికి వందల వ్యాసాలు వెలువడి, 2016 ఆగస్టుకల్లా ఆ ఆధిక్యమే మాయమైంది. ఆ వ్యాసాల్లో ఇంత తెగువ ఎన్నింటికి ఉందో చెప్పడం కష్టం.

పందెం మాత్రం ఓడింది. సీడీఎఫ్ తన దత్తాంశాన్ని గాలించి తోబుట్టువులను కనుగొనలేకపోయింది. సెర్న్‌లోని లెప్ యంత్రం 2000లో మూతపడేలోగా ఆ వ్యాఖ్యానాలకున్న చోటును చాలామేర మూసివేసింది. టెవట్రాన్ రెండవ విడతలో మరింత దత్తాంశం వచ్చింది, అటువంటి సంఘటన మళ్ళీ రాలేదు. ఆ రెండవ ఎలక్ట్రాన్ అసలేమిటో కూడా తేలలేదు.