ఒక్క రోజు మాట, ముప్పై ఏళ్ల మాట

ఎండాకాలంలో పేపరు తెరిస్తే ఏదో ఒక మూల ఇలాంటి వాక్యం కనిపిస్తుంది: 'గరిష్ఠ ఉష్ణోగ్రత 41 డిగ్రీలు, సాధారణం కన్నా రెండు డిగ్రీలు ఎక్కువ.' వార్తల డెస్కులో ఇంగ్లిష్ కాపీని తెలుగు చేయడమే నా వృత్తి. చేతిలోంచి వెళ్లే వేల వాక్యాల్లో నేను ఆగి చదివేది ఇది. జనం నిత్యం కలిపేసే రెండు ఇంగ్లిష్ మాటలు, వెదర్, క్లైమేట్, ఇందులో పక్కపక్కనే ఉన్నాయి. 41 డిగ్రీలు వెదర్. 'సాధారణం' క్లైమేట్.

ఆ 41 ఎక్కడ నుంచి వచ్చింది? వాతావరణ కేంద్రం ఆవరణలో, ఇంచుమించు మనిషి ఛాతీ ఎత్తున, తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఒకటి నిలబెట్టి ఉంటుంది. ఎండ నేరుగా తగలకుండా, గాలి మాత్రం ఆడేలా దాని గోడలను వాలు పలకలతో చేస్తారు. ఆ రోజు అందులోని థర్మామీటరు ఎక్కిన అత్యధిక అంకె అది. వాన లెక్క కూడా ఇలాంటిదే. ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు వర్షమాపకంలో చేరిన నీటిని మిల్లీమీటర్లలో కొలిచి రాస్తారు. ఆ కొలత ఆ చోటికి, ఆ రోజుకు చెల్లుతుంది. మన ఊళ్లో కుండపోత కురిసి పక్క ఊళ్లో దుమ్ము కూడా తడవని రోజులు ఎన్ని చూడలేదు!

'సాధారణం' ఏ పెట్టెలోనూ దొరకదు. అదే చోట, ఏడాదిలో అవే రోజుల్లో, ముప్పై ఏళ్ల పాటు ఎవరో ఒకరు ఓపిగ్గా రాసిపెట్టిన అంకెల సగటు అది. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం ప్రకారం ఇప్పుడు లెక్కలోకి వచ్చే ముప్పై ఏళ్లు 1991 నుంచి 2020 దాకా. నైరుతి రుతుపవనాల వానకైతే మన వాతావరణ శాఖ ఇంకా పొడుగు లెక్క చూస్తుంది: 1971-2020 మధ్య యాభై ఏళ్ల సగటు. దేశం మొత్తానికి అది 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం దాకా పడితే 'సాధారణ వర్షపాతం' అంటారు. వడగాలిని నిర్ణయించడానికీ ఆ రోజు అంకె, సాధారణం రెండూ కావాలి. మైదాన ప్రాంతంలో వేడి కనీసం 40 డిగ్రీలు చేరాలి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలైనా పైన ఉండాలి. నేరుగా 45 చేరితే మాత్రం సగటుతో పని లేదు.

ఇంగ్లిష్‌లో ఈ రెండు మాటల పుట్టుకలే వేరు. వెదర్ జర్మన్‌కు చుట్టమైన పాత మాట. గాలీ ఆకాశమూ ఎలా ఉన్నాయో చెప్పేది. క్లైమేట్ గ్రీకు నుంచి వచ్చింది, మూలార్థం వాలు. సూర్యకిరణాల వాలును బట్టి ప్రాచీన గ్రీకులు భూమిని పట్టీలుగా విభజించుకున్నారు. ఒకటి తలెత్తి చూసి చెప్పే మాట, రెండోది లెక్క కట్టి చెప్పే మాట.

తెలుగులో మనకు చిక్కు ఇక్కడే. వాతావరణం అంటే నిజానికి భూమిని కమ్ముకున్న గాలి పొర. ఆ పొరకూ అదే మాట, ఈ రోజు ఎండావానకూ అదే, ముప్పై ఏళ్ల తీరుకూ అదే. ఇంట్లో ఎవరూ మాట్లాడుకోకపోతే 'వాతావరణం వేడిగా ఉంది' అనడానికీ అదే. బడి పుస్తకాల్లో క్లైమేట్‌కు శీతోష్ణస్థితి అని ఉంది కానీ అది పరీక్షతోనే ఆగిపోయింది, బజారుకు రాలేదు. అందుకే 'వాతావరణ మార్పుల వల్ల నేడు పలుచోట్ల జల్లులు' అని ఎవరైనా రాస్తే అర్థం తలకిందులవుతుంది. రాసినవారి ఉద్దేశం మబ్బు పట్టిందని. చదివినవారికి అందేది భూగోళం వేడెక్కడం వల్ల సాయంత్రం చినుకు పడిందని.

మాట లేకపోయినా తేడా మన రైతుకు ఎప్పుడో తెలుసు. కార్తెల లెక్క అదే కదా. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఏడాదికి ఇరవై ఏడు. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ, మృగశిరలో తొలకరి. ఇది ఏ ఒక్క ఏడాది సంగతీ కాదు, తరతరాలు చూసి కట్టుకున్న సగటు. ఆ సగటును నమ్మి ఏ పంట వేయాలో నిర్ణయిస్తారు. విత్తనం ఏ రోజు వేయాలన్నది మాత్రం మబ్బును చూసి, మట్టిని పిడికిట పట్టి పదును చూసి తేల్చుకుంటారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో వేరుశనగ వేయడం మొదటి రకం నిర్ణయం. విత్తాక వాన ముఖం చాటేస్తే ఏం చేయాలన్నది రెండో రకం. 'ఈ ఏడు కాలం కాలేదు' అనే రైతు ఆ ఏడాది వానను తన మనసులోని సగటు పక్కన పెట్టి చూశాకే ఆ మాట అంటాడు.

ఇంజినీర్ల పనిలో ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల ప్రాణాలు తీసింది. ఎగువన చెరువులు వరసగా తెగడంతో వరద ఇంకా పెరిగింది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. ఆ ఆలోచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. జలాశయం ఎంత పెద్దదిగా కట్టాలి, ఎంత వరదకు తట్టుకోవాలి అన్నవి ఏళ్ల లెక్కల మీద తేల్చే ప్రశ్నలు. ఈ రాత్రి గేట్లు ఎన్ని అడుగులు ఎత్తాలి అన్నది రేపటి వాన అంచనా మీద తేల్చేది. మొదటిదాంట్లో తప్పు జరిగితే రెండోది ఎంత బాగా చేసినా ఊరు మునుగుతుంది. మొదటిది సరిగ్గా ఉన్నా రెండోదాంట్లో ఏమరుపాటు వస్తే అప్పుడూ మునుగుతుంది.

అందుకే ఈ రెండు మాటలను కలిపేయడం నాకు వట్టి భాషాదోషంలా కనిపించదు. దాని వెనక బాధ్యతలు తారుమారవుతాయి. నాలాను ఆక్రమించి ఇళ్లు కట్టనిచ్చి, పూడిక తీయకుండా వదిలేసి, కాలనీ మునిగాక 'అంతా వాతావరణ మార్పు' అనేస్తే అడిగేవారుండరు. ఒక్క వానను చూపించి భూతాపానికి ముడిపెట్టడం కుదరదు. దానికి అలాంటి వానలు ఎన్నేళ్లకోసారి వచ్చేవి, ఇప్పుడు ఎంత తరచుగా వస్తున్నాయి అన్న లెక్క కావాలి. అటువైపు నుంచీ ఇదే పొరపాటు జరుగుతుంది. జనవరిలో లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకోగానే 'భూమి వేడెక్కుతోందన్నారే, ఇదేమిటి మరి' అంటారు. ఒక చలి ఉదయానికి ముప్పై ఏళ్ల సగటును రద్దు చేసే శక్తి లేదు.

సగటు గురించి ఇంకో సంగతి పాఠకులకు తెలియాలి. 'సాధారణం' కదలని గీత కాదు. పదేళ్లకోసారి పాత పదేళ్లను వదిలి కొత్త పదేళ్లను కలుపుకొంటారు. 1981-2010 సగటు పోయి 1991-2020 సగటు అలాగే వచ్చింది. కొత్త పదేళ్లు వేడివైతే సాధారణమూ పైకి జరుగుతుంది. అప్పుడు అదే 41 డిగ్రీలు, అదే ఉక్కపోత. కానీ 'సాధారణం కన్నా ఎక్కువ' అన్న తేడా మాత్రం కాగితం మీద తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి జరిగిన మార్పు ఇలా రోజువారీ వాక్యంలో కనబడకుండా పోగలదు.

వాతావరణం వార్త తెలుగు చేసేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ వాక్యం ఎన్నాళ్ల సంగతి చెబుతోంది? ఒకటి రెండు రోజులదైతే ఎండ, వాన, ముసురు, ఉక్క అని పేరు పెట్టి రాస్తాను. దశాబ్దాలదైతే 'దీర్ఘకాలిక వాతావరణం' అంటాను, కాస్త పొడుగైనా సరే. పత్రికలవాళ్లం ఇంకొకటి కూడా చేయాలి. 'సాధారణం' అన్న మాట పక్కన అది ఏ సంవత్సరాల సగటో వేయాలి. రెండు అంకెలు, మధ్యలో ఒక గీత. పెద్ద చోటేమీ పట్టదు. ఏది ఈ రోజు ఎండో, ఏది మారిపోతున్న కాలమో పాఠకుడు ఆ అంకెల సాయంతో తనంతట తాను తేల్చుకోగలడు. ఎవరిని ఏం అడగాలో కూడా అప్పుడే తెలుస్తుంది.