కదలికలో బరువు

మెదక్, ఎల్లారెడ్డిలకు దగ్గరి పోచారం ప్రాజెక్టు మత్తడి దుంకే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల జనం ఫోన్లు పట్టుకొని అక్కడికి చేరతారు. ఆ వీడియోల్లో ఒకదాన్ని యానిమేషన్ నేర్చుకునే పిల్లలు ఫ్రేము వెంట ఫ్రేము చూడాలని నా కోరిక. నురగలోంచి చిందిన ఒక్క చుక్కను పట్టుకుంటే చాలు. పైకి పోతున్నకొద్దీ దాని వేగం తగ్గుతుంది, కొనకు చేరాక క్షణం నిలిచినట్టుంటుంది, ఆపైన వడివడిగా పడుతుంది. ఆ పడటానికి 12 ఫ్రేములు పడితే, మొదటి ఆరింటిలో దిగేది పావు వంతు దూరమే. మిగతా ముప్పావు చివరి ఆరింటిలో దిగుతుంది.

కంప్యూటరుకు ఇదేమీ తెలియదు. మొదలు, చివర కీఫ్రేములుగా చూపించి సమంగా నడపమంటే దూరాన్ని 12 సమాన ముక్కలు చేస్తుంది. అప్పుడు తెర మీద పడేది నీటిచుక్క కాదు, జరుగుతున్న మచ్చ. ఆ ముక్కల్ని ఎక్కడ దగ్గరగా, ఎక్కడ ఎడంగా పేర్చాలో నిర్ణయించడమే ఈజింగ్.

చేత్తో బొమ్మలు గీసిన కాలంలో ప్రధాన చిత్రకారుడు కాగితం అంచున చిన్న గీతల పట్టీ వేసేవాడు. మధ్య బొమ్మలు గీసేవాళ్లకు అదే ఆజ్ఞ. డిస్నీలో పండిన ఈ పద్ధతిని అక్కడి చిత్రకారులు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో పన్నెండు సూత్రాల్లో ఒకటిగా చేర్చారు. 1987లో యానిమేటర్ జాన్ లాసెటర్ ఆ సూత్రాలు కంప్యూటర్ యానిమేషన్‌కూ వర్తిస్తాయని వివరంగా రాశాడు. పాత పట్టీ చోటికి ఇప్పుడు గ్రాఫ్ ఎడిటర్‌లోని కర్వ్ వచ్చింది. గీత నిటారుగా ఉంటే వేగం, చదునుగా సాగితే నెమ్మది. రెనో కార్ల కంపెనీలో పియరీ బెజియే వాహనాల ఒంపుల కోసం వాడిన గణితమే దీనికీ ఆధారం.

అసలు చిక్కు ఇక్కడే. ఒక్క మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ అన్ని కీఫ్రేములకూ ఒకే ఈజ్ పూస్తుంది. చూడ్డానికి నునుపే, కానీ ఏనుగూ ఎండుటాకూ ఒకే బరువుతో కదులుతాయి. నా దృష్టిలో ఈజ్ లేకపోవడం కన్నా ఇదే పెద్ద లోపం. 2012లో వచ్చిన 'ఈగ' సినిమాకు మకుట సంస్థ చేసిన స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారం పొందాయి. అలాంటి పాత్రను మెత్తగా మలుపు తిప్పితే అది ఈగ అనిపించుకోదు. పండ్ల మీద వాలే చిన్న ఈగ దిశ మార్చుకోవడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. సినిమా లెక్కలో అది సుమారు ఒకటింబావు ఫ్రేము.

దుప్పి సంగతి వేరు. ఆ ప్రాజెక్టు పక్కనే ఉన్న పోచారం అభయారణ్యంలో చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు ఉన్నాయి. దూకే ముందు దుప్పి ఒళ్లు కుదించుకుంటుంది, ఒక్కసారిగా లేస్తుంది, దిగగానే కాళ్లు మడిచి బరువు కాచుకుంటుంది. గాలిలో ఉన్నంతసేపూ వేగం మారేది పైకీ కిందికీ సాగే కదలికలో మాత్రమే. ముందుకు సాగే వేగం దాదాపు అలాగే ఉంటుంది. కొత్తవాళ్లు రెండింటికీ ఈజ్ పెడతారు. దాంతో దుప్పి దారానికి వేలాడినట్టు మధ్యలో ఆగిపోతుంది.

ఎల్లారెడ్డిలోనో మెదక్‌లోనో ఉన్న పిల్లలకు బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. తొలి అభ్యాసంగా దుప్పి గాలిలో ఉన్నంతసేపటికీ రెండు గీతలు విడివిడిగా గీయమంటాను: ఎత్తుకు ఒంపు గీత, ముందుకు సాగే కదలికకు తిన్నని గీత. తర్వాత కణుజుకు అదే ఒంపు సరిపోతుందేమో చూసుకోవాలి.