దూరదర్శన్‌కు కావలసింది కథ

దూరదర్శన్ ప్రేక్షకుల్ని ఎందుకు పోగొట్టుకున్నదంటే మనవాళ్ళు చెప్పే జవాబు ఒకటే: ప్రైవేటు చానళ్ళు వచ్చాయి, హంగులు పెరిగాయి, పాత సంస్థ పోటీలో నిలవలేకపోయింది. ఇది సగమే నిజం. 1995లో ఈటీవీ, జెమిని వచ్చినప్పుడు తెలుగు ప్రేక్షకుడు అటు నడిచాడంటే, ఇటు అతణ్ణి కట్టి ఉంచే కథ లేకపోవడమూ కారణమేనని నా అభిప్రాయం.

1984లో మొదలైన 'హమ్ లోగ్' చరిత్రను రచయితలు శ్రద్ధగా గమనించాలి. కుటుంబ నియంత్రణ ప్రచారం కోసం, మెక్సికో సీరియళ్ళ నమూనాలో తలపెట్టిన కార్యక్రమం అది. తొలి భాగాల్లో బోధ ఎక్కువైంది. జనం పెదవి విరిచారు. అప్పుడు బోధ తగ్గించి, ఒక దిగువ మధ్యతరగతి కుటుంబం బతుకును ముందుకు తెచ్చారు. రచయిత మనోహర్ శ్యామ్ జోషి. తాగుబోతు తండ్రి, నోరెత్తలేని తల్లి, ఉద్యోగం దొరకని కొడుకు, పెళ్ళి కాని కూతురు - వీళ్ళను జనం తమ ఇంటివాళ్ళుగా చూసుకున్నారు. ఉత్తరాలు లక్షల్లో వచ్చాయి. వస్తువు మంచిదైతే చాలు, శిల్పం విలాసమని వాదించేవాళ్ళు మనలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. (పాఠాలు చెప్పే మాకిది రోజూ అనుభవమే. నీతి ముందు చెప్పి కథ తర్వాత ఎత్తుకుంటే వెనక బెంచీ నిద్రపోతుంది.)

1988లో వచ్చిన 'తమస్' ఇంకా పెద్ద ఉదాహరణ. అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన భీష్మ సాహ్ని నవల అది. తీసినవాడు గోవింద్ నిహలానీ. ఒక పేద చర్మకారుడి చేత పందిని చంపించి, ఆ కళేబరాన్ని మసీదు మెట్ల మీద వేయించిన చేతులు ఎవరివో అది అడిగింది. ఆపించాలని కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టూ, సుప్రీంకోర్టూ ఒప్పుకోలేదు. ఆనాడు ఒక ప్రభుత్వ సంస్థ ఈ పని చేసిందంటే నేటి విద్యార్థులకు నమ్మబుద్ధి కాదు.

అదే కాలంలో 'రామాయణ్' అంతకన్న ఎక్కువమందిని కూర్చోబెట్టింది కదా, జనానికి కావలసింది పురాణమేగా అని అడగవచ్చు. 2020లో లాక్‌డౌన్ సమయంలో దాన్నే మళ్ళీ వేశారు. జనం మళ్ళీ వచ్చారు. అది అయిపోగానే లేచి వెళ్ళారు. పాత సరుకుతో ప్రేక్షకుణ్ణి పిలవవచ్చునే గాని నిలపలేము.

స్వేచ్ఛ లేనిచోట కొత్త కథ పుట్టదు. ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది, అమలుకు 1997 దాకా ఆగింది. దాని 23వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఇప్పటికీ ఆదేశాలివ్వవచ్చు. 2024లో, ఎన్నికల వేళ, డీడీ న్యూస్ చిహ్నం కాషాయ రంగులోకి మారింది. వార్తను నమ్మని ప్రేక్షకుడు ఆ సంస్థ నాటకాన్నీ అనుమానంగానే చూస్తాడు.

అయినా దూరదర్శన్ దగ్గర ఇంకొకరి దగ్గర లేని ఆస్తి ఒకటుంది. 2004లో మొదలైన ఉచిత డిష్‌కు నెలవారీ రుసుం లేదు. పేదవాడి ఇంటిదాకా దారి వేసింది దూరదర్శనే. కాని ఆ దారిలో చోటును వేలం వేసి ప్రైవేటు చానళ్ళకు అమ్ముకుంటున్నది! వాటి సీరియళ్ళలో అత్తాకోడళ్ళు పట్టుచీరల్లో పోట్లాడుకుంటుంటే కూలికి పోయివచ్చిన మనిషి చూస్తున్నాడు. ఆ మనిషి కథ ఎక్కడుంది?

మన పుస్తకాల్లో ఉంది. హైదరాబాదులో యాదగిరి, విజయవాడలో సప్తగిరి - తెలుగుకు రెండు చానళ్ళున్నాయి. చాసో, రావిశాస్త్రి, కొడవటిగంటి కుటుంబరావు కథల్ని వారానికొకటి చొప్పున, పాత్రల యాసను చదును చేయకుండా తీయమనండి. విజయనగరం వీధికీ, విశాఖ కోర్టు వరండాకీ భారీ సెట్టింగులు అక్కర్లేదు. ఇవాళ రాస్తున్న తెలంగాణ, రాయలసీమ కథకులకు తగిన పారితోషికమిచ్చి కొత్త నాటకాలు రాయించాలి. ఏది తీయాలో అధికారి కాక రచయితలున్న సంఘం నిర్ణయించాలి. ఈ కోరికను తీర్మానంగా రెండు కేంద్రాలకూ పంపవలసిన బాధ్యత మన సంఘానిది. ఇంతవరకు మనం అడగనైనా లేదు.