మలుపు వద్ద వేగము: లెక్కలో మరచిన మనిషి

రైలు మార్గములో మలుపులు, బలహీనమైన వంతెనలు మొదలగు చోట్ల వేగమును తప్పక తగ్గించవలెను. అచ్చట ఒక బోర్డు పాతి, తక్కినది డ్రైవరే చూచుకొనునని ఊరకుండుట చాలునా? అమెరికాలోని ఫిలడెల్ఫియా వద్దనున్న ఒక మలుపు ఈ ప్రశ్నకు విషాదకరమైన సమాధానము చెప్పినది.

2015 మే 12 రాత్రి, వాషింగ్టన్ నుండి న్యూయార్కు పోవుచున్న ఆమ్‌ట్రాక్ 188వ నంబరు రైలు ఫ్రాంక్‌ఫర్డ్ జంక్షను మలుపులో పట్టాలు తప్పినది. 8 మంది మరణించిరి. అచ్చట అనుమతించిన వేగము గంటకు 50 మైళ్లు. రైలు 106 మైళ్ల వేగముతో మలుపులో ప్రవేశించినది.

మలుపు తిరుగుటకు కావలసిన బలము వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. అనగా వేగము 2 రెట్లయినచో బలము 4 రెట్లు కావలెను. ఈ రైలు విషయములో అది సుమారు నాలుగున్నర రెట్లు. బయటి పట్టాను కొంచెము ఎత్తుగా వేయుదురు గాని, ఆ ఎత్తు ఇంత వేగమునకు చాలదు.

ఇంతవరకు భౌతికశాస్త్రము. విమర్శించవలసినది దీని తరువాతిది. 1990లో బోస్టనులో ఒక రైలు మితిమీరిన వేగముతో మలుపులో పట్టాలు తప్పిన పిమ్మట, ఫ్రాంక్‌ఫర్డ్ మలుపునకు ఉత్తరము నుండి వచ్చు రైళ్లకు స్వయంచాలక నియంత్రణ ఏర్పరచిరి. పట్టాలలోని విద్యుత్ సంకేతములను ఇంజనులోని యంత్రము గ్రహించును. డ్రైవరు వేగము తగ్గింపనిచో బ్రేకులు వాటంతటవే పడును. రెండవవైపు నుండి వచ్చు రైళ్లకు మాత్రము ఈ రక్షణ కల్పింపలేదు. అటు అనుమతించిన వేగము 80 మైళ్లే గనుక, ఆ వేగముతో మలుపులో ప్రవేశించినను రైలు పడిపోదని లెక్కకట్టిరి.

గణితములో దోషము లేదు. దోషము దాని అడుగుననున్న నమ్మకములో ఉన్నది. మలుపు వద్ద పొరపడగల మనిషి, మలుపునకు ముందు మాత్రము పొరపడడా? మరియొక రైలుకు ఏదో వస్తువు తగిలినదన్న రేడియో సంభాషణ వలన డ్రైవరు దృష్టి మళ్లి, తానెచ్చట ఉన్నదియు మరచియుండునని దర్యాప్తులో తేలినది.

వారము తిరుగకముందే రెండవవైపునకు కూడ ఆ ఏర్పాటు చేసి రైళ్లను నడిపిరి. కొత్త శాస్త్రమేదియు అవసరము కాలేదు. ఉన్న యంత్రమునే సవరించిరి. మనలను బాధింపవలసినది ఇదియే.

యంత్రమున్నచో డ్రైవరు ఏమరుపాటు పడునని కొందరందురు. కాని ఈ యంత్రము రైలును నడపదు. హద్దు మీరినప్పుడే అడ్డుపడును.

లింగంపల్లి–వికారాబాదు మార్గములో పరీక్షించిన మన 'కవచ్' ఉద్దేశములలో ఇదియు ఒకటి. అట్టి సాధనమును అమర్చునప్పుడు, ఎన్ని మైళ్లు పూర్తియైనవని మాత్రమే అడిగిన చాలదు. ఏ చోటును, ఏ నమ్మకముతో విడిచిపెట్టిరని కూడ అడుగవలెను.