యంత్రం అందుకున్న ఊరి దరువు

ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతానికి వాడిన తొలి యంత్రాలు దాదాపు అన్నిచోట్లా ఒక్కటే. వాటి మీద పలికిన దరువు మాత్రం ఊరికొకటి. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808 డ్రమ్ యంత్రాన్ని, 1981లో టీబీ-303 బేస్ యంత్రాన్ని తెచ్చింది. అసలు వాద్యాల్లా మోగడం లేదని చాలామంది వాటిని పక్కన పెట్టారు. కొన్నేళ్లకే తయారీ ఆగి, సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చవగ్గా దొరికాయి. అలా అమెరికాలోని నల్లజాతి యువకుల చేతికి చేరాయి. షికాగోలో హౌస్, కార్ల కర్మాగారాల డెట్రాయిట్‌లో టెక్నో పుట్టాయి. షికాగో బృందం ఫ్యూచర్ 1987లో విడుదల చేసిన రికార్డుతో 303 మోతకు ‘యాసిడ్’ అన్న పేరు స్థిరపడింది.

దానికి ఐదేళ్ల ముందే బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ఇవే రెండు యంత్రాలను కూడా వాడుతూ పది రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు చేశాడు. స్వరం నుంచి స్వరానికి జారే గుణం 303కి ఉంది. రాగంలోని జారుకు అది సరిగ్గా అతికింది. అప్పట్లో ఆ రికార్డును పట్టించుకున్నవారు లేరు. 2010లో మళ్లీ విడుదలయ్యాకే ప్రపంచం చెవిన పడింది.

తెలుగు సినిమాలో డిస్కో ఊపు ‘సింహాసనం’ (1986), ‘గ్యాంగ్ లీడర్’ (1991) వంటి చిత్రాలకు బప్పీ లహరి చేసిన పాటలతో బలంగా వినిపించింది. అయితే తెలుగువారి సొంత డాన్స్ సంగీతం తయారైంది స్టూడియోల్లో కాదు, హైదరాబాద్ వీధుల్లో. నిజాం కొలువులోని ఆఫ్రికా సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు తమ వెంట మర్ఫా వాద్యాన్ని తెచ్చారు. ఏసీ గార్డ్స్, బార్కస్ వారు స్థిరపడిన పేటలు. పెళ్లి బారాత్‌లో మర్ఫా, బోనాల్లో డప్పు మోగే నగరంలో తీన్‌మార్ అందరి అడుగూ అయింది. డీజేలు చేసిందల్లా ఆ అడుగును కంప్యూటర్‌కు ఎక్కించడమే. జానపద గాయకుల గొంతు అలాగే ఉంచి, పాట వేగం పెంచి, డప్పు దెబ్బల ముక్కను పదేపదే తిప్పుతూ, దాని కింద బరువైన బేస్ పరుస్తారు. పల్లవి ముందు దరువు ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంటుంది. గుంపు ఎగిరేది అక్కడే.

ఇక ఉత్తరాంధ్ర కూడా లయల గనే. తప్పెటగుళ్ల కళాకారులు రేకు వాద్యాన్ని రొమ్ముకు కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ గెంతుతారు. అరకు థింసా నృత్యంలో డప్పు, తుడుము, కిరిడి, మోరి, జోడుకొమ్ములు కలిసి మోగుతాయి. విశాఖ చుట్టుపక్కల ఊరేగింపుల్లో ఇప్పుడు డీజే పెట్టెలున్నా, ఈ లయలు వాటిలోకి చేరింది చాలా తక్కువ. పాటలైతే చేరాయి: ఉత్తరాంధ్ర జానపదమైన ‘నక్కిలీసు గొలుసు’ 2020లో ‘పలాస 1978’ సినిమాతో రాష్ట్రమంతటా మోగింది.

లయలు చేరకపోవడానికి ఒక కారణం వాయించే తీరులోనే ఉంది. తప్పెటగుళ్లు, థింసా వాద్యకారులు ఆడేవారి కాళ్లను చూస్తూ మెల్లగా మొదలెట్టి వేగం పెంచుతారు. రీమిక్స్ వేగం మొదట ఎంతో చివరిదాకా అంతే. డప్పును నిప్పుసెగకు కాచి, సిర్రతో, చిటికెన పుల్లతో పలికించే తేడాలు కూడా ఒకే ముక్కను తిప్పితే పోతాయి. ఇది యంత్రం లోపం కాదు, రీమిక్స్ చేసేవారి తొందర. వేగాన్ని క్రమంగా పెంచే సదుపాయం నేటి సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

డీజే పెట్టె వచ్చాక జాతరల్లో డప్పు కళాకారులకు పిలుపులు తగ్గాయి. రీమిక్స్ చేసేవారు వారిని పిలిచి, మొత్తం వాయింపును రికార్డు చేసి, పేరు వేసి, తగిన పారితోషికం ఇవ్వాలి.