ఆ జాబితాలో యానాది గుడిసె ఎక్కడ?

పర్యావరణానికి మేలు చేసే అలవాట్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మిషన్ లైఫ్ ప్రారంభించింది. దాని కింద 75 పనుల జాబితా ఉంది. పిల్లల చేత ఇంటింటి సర్వే చేయించాలనుకునే ఉపాధ్యాయులకు అది సిద్ధంగా దొరికే ప్రశ్నపత్రం. దాన్ని కొల్లూరు మండలంలో కృష్ణ ఒడ్డున ఒక యానాది గుడిసె ముందు నిలబడి చదువుదాం.

ఏసీని 24 డిగ్రీల్లో పెడుతున్నారా? ఎర్రలైటు దగ్గర బండి ఇంజను ఆపుతున్నారా? ఆ ఇంట్లో ఏసీ లేదు, బండీ లేదు. పిల్లవాడు ‘లేదు’ అని రాస్తాడు. ఏసీ ఉన్నవాడు ‘అవును’ అని రాసి మంచివాడనిపించుకుంటాడు. జాబితా అంతా ఇలాగే ఉందనడం న్యాయం కాదు; గుడ్డసంచి, సైకిలు, చిరుధాన్యాలు కూడా అందులో ఉన్నాయి. కానీ దాని చూపు ఎక్కువగా వస్తువులున్న ఇంటి మీదే.

అసలు ఆ గుడిసెలో అడగాల్సింది ఎలుకల గురించి. వరిచేలో కన్నం ఎటు తిరిగిందో, ఎలుక తప్పించుకునే రెండో దారి ఎక్కడుందో మనవాళ్లకు తెలుసు. కుండలో గడ్డి కాల్చి పొగపెడతారు, లేదా తవ్వి పడతారు. రైతుకు పంట దక్కుతుంది. ఎలుకల మందు పెట్టే పని తప్పుతుంది, కాబట్టి ఆ విషం గుడ్లగూబకూ చేరదు. కన్నంలో ఎలుక దాచిన వెన్నులు పట్టినవాళ్ల ఇంటికి వస్తాయి. ఇంత తెలివిని ఏ గడిలో రాయాలి?

అలాగని ‘ఆదివాసీ ప్రకృతి బిడ్డ’ అంటూ మన రచయితలే కొందరు రాసే పొగడ్తలూ మాకు రుచించవు. కుండకు నోరు పెట్టి ఊదేవాడి పెదాలు కాలతాయి, పొగ రొమ్ములోకి పోతుంది. తమిళనాడులో ఇరులర్ల కోసం చేత్తో తిప్పే ఉక్కు పొగ యంత్రం తయారుచేశారు. మనకు కావలసింది అలాంటి సాయం. కరెంటు లేని ఇంటిని ‘విద్యుత్ ఆదా’ కింద రాయడం అవమానం. లేక మానుకున్నదేది, ఉన్నా వద్దనుకున్నదేది అని సర్వే విడిగా అడగాలి.

ఇంకొకటి. ప్రశ్నలన్నీ గడప దగ్గరే ఆగిపోతాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగినప్పుడు కొల్లూరు లంక గ్రామాలు మునిగాయి. ఆ లంకల మట్టి తవ్వి ఇటుక బట్టీలకు తోలుతుంటే, బల్బు మార్చావా అని గుడిసెను మాత్రమే అడగడం ఏం పరిశోధన? ఈసారి సర్వే పెట్టే మిత్రులు పిల్లలను బట్టీ దాకా, కరకట్ట దాకా నడిపించండి. ఆ మట్టి ఎవరు తవ్వుతున్నారో, ఎక్కడికి పోతోందో వాళ్లనే రాయనివ్వండి.