సొంత నూలుతో నేసిన పాట

ఇండీ రాక్ ఆల్బమ్‌ను మామూలు రాక్ ఆల్బమ్ నుంచి వేరు చేసేది మొదటగా దాని హక్కులు ఎవరి పేరిట ఉన్నాయన్న సంగతి. గిటార్ ఎలా మోగుతుందన్నది ఆ తరువాతి మాట. పెద్ద రికార్డు కంపెనీ బ్యాండ్‌కు అడ్వాన్సు ఇస్తుంది. స్టూడియో అద్దె, నిర్మాత ఫీజు వంటి ఖర్చులను కూడా సాధారణంగా బ్యాండ్ ఖాతాలోనే రాస్తుంది. రాయల్టీలోంచి ఆ బాకీ తీరేదాకా వాయించినవాళ్ల చేతికి పైసా రాదు. తీరిన తరువాత కూడా మాస్టర్ టేపులు చాలా ఒప్పందాల్లో కంపెనీవే.

సూరత్‌లోని ఉధ్నా, దాని పక్కనున్న లింబాయత్ ప్రాంతాల తెలుగువారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. వీరిలో చాలామంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన పద్మశాలీలు. సిరిసిల్లలో ఆసామికైనా, ఇక్కడ జాబ్ వర్క్ చేసేవాడికైనా వ్యవహారం ఒకటే. నూలు సేటుది, సాంచాలు (మరమగ్గాలు) తనవి, కూలి మీటరుకింత. నేసిన తాకా (బట్ట చుట్ట) మీద హక్కు మాత్రం సేటుదే. సొంత నూలు కొని నేసుకునేవాడికి లాభం వస్తే మొత్తం తనది, ధర పడిపోతే నష్టమూ మొత్తం తనదే. 1970ల చివర కొన్ని బ్యాండ్లు ఎంచుకున్న దారి ఇదే.

ఆ దారి తొక్కిన తొలి ఊళ్లలో ఒకటైన మాంచెస్టర్ కూడా ఒకప్పుడు బట్టల మిల్లుల ఊరే. ఆ ఊరి బ్యాండ్ బజ్‌కాక్స్ 500 పౌండ్లు అప్పు చేసి, నాలుగు పాటలతో ‘స్పైరల్ స్క్రాచ్’ అనే చిన్న రికార్డును 1977 జనవరిలో తానే అచ్చు వేయించుకుంది. మొదట వేసినవి 1,000 ప్రతులు. చివరికి 16,000 దాకా అమ్ముడుపోయాయి. పాటలకంటే ఆ అంకెలే అప్పటి కుర్రకారును ఎక్కువ కదిలించాయనాలి. లండన్‌లోని కంపెనీ గుమ్మం ఎక్కకుండానే రికార్డు తేవచ్చని తేలిపోయింది. మరుసటి ఏడాది అదే ఊళ్లో టోనీ విల్సన్, అతని స్నేహితులు ఫ్యాక్టరీ అన్న లేబుల్ మొదలుపెట్టారు. లాభంలో సగం బ్యాండ్‌కు, సగం లేబుల్‌కు, హక్కులన్నీ సంగీతకారులకే అన్నది అక్కడి కట్టుబాటు. 1992లో ఫ్యాక్టరీ దివాలా తీసినప్పుడు ఒక పెద్ద కంపెనీ దాన్ని కొనబోయింది. తీరా చూస్తే అమ్మడానికి లేబుల్ చేతిలో ఏమీ లేదు. పాటలు న్యూ ఆర్డర్ వంటి బ్యాండ్లవి. వ్యాపారానికి అది అప్రయోజకత్వం, బ్యాండ్లకు రక్ష.

ఫ్యాక్టరీ 1979లో విడుదల చేసిన జాయ్ డివిజన్ తొలి ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’ను దగ్గరగా వింటే ఈ సంప్రదాయపు పనితనం చాలావరకు పట్టుబడుతుంది. మొదటి పాట ‘డిసార్డర్’ డ్రమ్స్‌తో మొదలవుతుంది. వెంటనే బాస్ గిటార్ అందుకుంటుంది. అడుగున ఉండి లయను మోయాల్సిన బాస్ ఇక్కడ పై తీగల మీద రాగం పాడుతుంటుంది. బాసిస్టు పీటర్ హుక్ దగ్గరున్న యాంప్లిఫయర్ నాసిరకంది. కింది స్వరాలు వాయిస్తే గిటార్, డ్రమ్స్ హోరులో తనకే వినిపించేవి కావు. అందుకని పైకి వెళ్లి వాయించాడు. ఆ ఇబ్బందిలోంచి వచ్చిన పోకడే తరువాత ఎందరో బాసిస్టులకు ఒరవడి అయింది.

స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోలో ఈ రికార్డింగ్ నడిపించిన నిర్మాత మార్టిన్ హానెట్. ‘స్పైరల్ స్క్రాచ్’ కూడా అతని చేతి మీదుగానే వచ్చింది. డ్రమ్స్‌లో ఒక్కో ముక్క శబ్దం మరోదానిలో కలవకుండా విడివిడిగా పట్టాడు. అప్పుడప్పుడే వస్తున్న డిజిటల్ డిలే యంత్రంతో వాటి చుట్టూ ఖాళీ జాగా సృష్టించాడు. ఒక పాటలో గొంతును టెలిఫోన్ తీగ గుండా పంపి రికార్డు చేశాడు. స్టూడియోలోని లిఫ్ట్ చప్పుడు, గాజు పగిలే చప్పుడు కూడా ఆల్బమ్‌లోకి వచ్చాయి. వేదిక మీద తాము చూపించే జోరంతా చల్లార్చాడని బ్యాండ్ సభ్యులు అప్పట్లో గొణిగారు. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ పాత కచేరీ రికార్డింగులు పక్కన పెట్టుకుని వింటే, నలభై ఏళ్లు దాటినా ఈ ఆల్బమ్ పాతబడకపోవడానికి ఆ చల్లదనమే కారణమని ఒప్పుకోవాలి. గాయకుడు ఇయాన్ కర్టిస్ 1980 మేలో, 23 ఏళ్లకే, ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ విషాదం ఆల్బమ్‌కు అంటుకుపోయి దాని పనితనాన్ని కొంత కప్పేసింది కూడా.

చేతిలో ఉన్న లోటును శబ్దంగా మార్చుకోవడం ఈ సంప్రదాయంలో పదేపదే కనిపిస్తుంది. న్యూయార్క్ బ్యాండ్ సోనిక్ యూత్ తొలినాళ్లలో కొన్నవి చవక గిటార్లు. మామూలు శ్రుతిలో అవి బాగా పలికేవి కావు. అందుకని ఒక్కో గిటార్‌కు ఒక్కో వింత శ్రుతి కట్టారు, తీగల కింద స్క్రూడ్రైవర్ దూర్చారు. 1988లో వచ్చిన వారి జోడు రికార్డు ‘డేడ్రీమ్ నేషన్’ ఆ ప్రయోగాల పంట. మధ్యలో కొంత సాగదీత ఉన్నా, రొదలోంచి రాగం తేలివచ్చే చోట్లు వినదగ్గవి. అదే ఏడాది బోస్టన్ బ్యాండ్ పిక్సీస్ ‘సర్ఫర్ రోసా’లో మరో పద్ధతి చూపించింది. చరణం మెల్లగా, పల్లవి ఒక్కసారిగా బిగ్గరగా. ఈ మెల్ల-గట్టి నడక మీదే తరువాతి దశాబ్దపు రాక్ చాలావరకు బతికింది.

ఐర్లండ్‌లో పుట్టిన మై బ్లడీ వాలెంటైన్ 1991 నాటి ‘లవ్‌లెస్’ది వేరే తోవ. బ్యాండ్ గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ గిటార్ ట్రెమొలో కడ్డీని చేత్తో పట్టుకునే తీగలు మీటుతాడు. దాంతో ప్రతి స్వరం కొద్దిగా వంగి, మళ్లీ లేస్తూ ఉంటుంది. పాడే గొంతులు ఆ గిటార్ల మడతల్లో సగం మునిగిపోతాయి. మాటలు వినబడవన్న ఫిర్యాదు సబబే. సాహిత్యం కోసం పాట వినే తెలుగు శ్రోతకు ఇది మొదటి మెట్టుగా పనికిరాదు. పైగా లోటులోంచి పుట్టిన ఆల్బమ్ కాదిది. రెండేళ్లు పట్టింది, స్టూడియో తరువాత స్టూడియో మారింది, క్రియేషన్ అనే చిన్న లేబుల్‌ను అప్పుల అంచుకు తెచ్చింది.

ఆల్బమ్ అన్న రూపానికి కూడా ఈ సంప్రదాయం పట్టుదలగా కట్టుబడింది. లాంగ్‌ప్లే రికార్డుకు ఒక్కో వైపు ఇరవై నిమిషాల చిల్లర పడుతుంది. ఏ పాట తరువాత ఏ పాట, ఏ వైపు ఎక్కడ ఆగాలి అన్నది కూడా రచనలో భాగమే. ‘అన్‌నోన్ ప్లెజర్స్’ రెండు వైపులకు ‘బయట’, ‘లోపల’ అన్న అర్థం వచ్చే పేర్లు పెట్టారు. అందులోంచి ఒక్క పాటనూ సింగిల్‌గా విడదీసి అమ్మలేదు.

అమెరికాలో ఈ పాటలను కాలేజీ రేడియోలు మోశాయి. ఆల్టర్నేటివ్ అన్న పేరు బాగా వాడుకలోకి వచ్చింది అలాగే. 1991 సెప్టెంబర్‌లో ఒక పెద్ద కంపెనీ ద్వారా వచ్చిన నిర్వాణా ‘నెవర్‌మైండ్’ మరుసటి జనవరిలో మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను మొదటి స్థానం నుంచి దించింది. అక్కడితో ఈ పేరు సంతసరుకైంది. నిర్వాణా తరువాతి ఆల్బమ్ ‘ఇన్ యుటెరో’ను 1993లో రికార్డు చేసింది స్టీవ్ అల్బినీ, ‘సర్ఫర్ రోసా’ చేసిన మనిషే. అమ్మకాల్లో వాటా వద్దని, ఒకేసారి ఇచ్చే కూలి చాలని చెప్పి పని చేశాడు. ఇంకొకరి పాట మీద జీవితాంతం వాటా తినడం తప్పని అతని వాదన. రెండింటిలో ‘నెవర్‌మైండ్’ నునుపైనది, ‘ఇన్ యుటెరో’ మెరుగైనది. అందులో డ్రమ్స్ మోగిన గది ఎంతటిదో చెవికి తెలుస్తుంది.

భారతదేశంలో ఈ తరహా సంగీతాన్ని మన బాణీల్లోకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సింది ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ బ్యాండ్ గురించి. 2000లో వచ్చిన ‘కందీసా’లో ‘మా రేవా’ నర్మదా నది మీది పాట. బాసిస్టు రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో కొన్నేళ్లు పనిచేసినవాడు. ఆ నది సముద్రంలో కలిసేది సూరత్‌కు ఉత్తరాన, భరూచ్ దగ్గర. అసీం చక్రవర్తి తబలా, సుస్మిత్ సేన్ గిటార్ ఒకదాన్నొకటి మింగేయకుండా నడవడం ఈ ఆల్బమ్ గొప్ప. 2010లో ఇదే బ్యాండ్ ‘16/330 ఖజూర్ రోడ్’ పాటలను నెలకొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చింది. కేరళలో అవియల్ బ్యాండ్ 2008లో మలయాళ జానపదాన్ని గట్టి రాక్‌తో కలిపి పూర్తి ఆల్బమ్ తెచ్చింది.

తెలుగులో పరిస్థితి కొంచెం విచిత్రం. పాట అంటే సినిమా పాటే అన్న అలవాటు బలంగా ఉన్నా, సినిమాకు బయటి పాట ఎన్నడూ ఆగలేదు. జన నాట్యమండలి పాటలు క్యాసెట్ల మీద ఊరూరా తిరిగాయి. ఇవాళ తెలంగాణ పల్లెల్లో తక్కువ ఖర్చుతో తీసిన జానపద పాటలు యూట్యూబ్‌లో లక్షల మందికి చేరుతున్నాయి. సొంత నూలుతో నేయడమన్నది ఇక్కడ ఎప్పుడో జరిగిపోయింది. హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా ‘ఊరెళ్లిపోతా మామా’ అనే పాట చేసింది. పట్నం వదిలి ఊరికి పోవాలనుకునే మనిషి గోడు అది. వలస బతుకులున్న ఉధ్నాకు ఇంతకంటే దగ్గరి పాట దొరకడం కష్టం. అయితే తెలుగు బ్యాండ్లకు ఒక్కో పాటగా పేరు వచ్చిందే తప్ప ఆల్బమ్‌గా రాలేదు. ‘కందీసా’లాగా, అవియల్ ఆల్బమ్‌లాగా మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపిరితో నడిచే రచన కోసం తెలుగు శ్రోత ఇంకా ఎదురుచూడాల్సే ఉంది.

కొత్తగా వినదలచినవారు ‘కందీసా’తో మొదలుపెట్టి, తరువాత ‘అన్‌నోన్ ప్లెజర్స్’కు వెళ్లడం మేలు. ‘లవ్‌లెస్’ను చివరికి ఉంచుకోవచ్చు. ఏదైనా సరే ఫోన్‌లో పాటల వరుస మార్చకుండా, మొదటి పాట నుంచి చివరిదాకా ఒక్కసారైనా వినండి.